ఆ పాటను ఏ పేరుతో వెతుకుతారు? – బతుకమ్మ ఆడియోల ప్రాజెక్టు డైరీ

మొదటి వారం

ఆషాఢం. పెళ్లిళ్లు లేవు కాబట్టి పత్రికలు లేవు. పత్రికలు లేవు కాబట్టి హనుమకొండలో నా డీటీపీ షాపులో ఫ్యాను తప్ప ఏదీ తిరగడం లేదు. రెండేళ్లుగా వాయిదా వేస్తున్న పనికి ఇంతకంటే మంచి టైం దొరకదని కూర్చున్నాను.

పని ఇది. మా ఇంటి వాట్సాప్ గ్రూపులో, అమ్మ వాళ్ల సంఘం గ్రూపులో, కాలనీ గ్రూపులో నాలుగు పండుగల నుంచి బతుకమ్మ పాటల ఆడియోలు పోగయ్యాయి. డూప్లికేట్లు తీసేస్తే 238 మిగిలాయి. వాట్సాప్ ఆడియోకు పేరుండదు. తేదీ, దాని వెనక ఒక నంబరు, అంతే. కావలసిన పాట దొరకాలంటే ఒక్కొక్కటీ నొక్కి వినాల్సిందే. నిరుడు పండుగ చివరి రోజు, సద్దుల నాడు అమ్మ ఒక పాట కోసం గంటసేపు వెతికింది. దొరకలేదు. "గిన్ని పెట్టుకొని ఏం లాభం కొడుకా" అంది.

ముందు ఫోల్డర్లు చేశాను. ఎంగిలిపూల, అటుకుల, ముద్దపప్పు, నానబియ్యం... ఇలా తొమ్మిది రోజులకు తొమ్మిది. అరపూటలోనే అర్థమైంది, ఇది నడవదని. ఒకే పాటను మొదటి రోజూ పాడతారు, సద్దుల నాడూ పాడతారు. సరే, విషయాన్ని బట్టి చేద్దామనుకున్నాను. అత్తగారింట్లో ఉన్న ఆడపిల్ల అన్న కోసం ఎదురుచూసే పాట ఉంది. దాన్ని "పుట్టిల్లు" ఫోల్డర్లో పెట్టాలా, "అన్నాచెల్లెళ్లు"లోనా, "అత్తగారిల్లు"లోనా? ఫైలు ఒక్క చోటే ఉంటుంది. లైబ్రరీలో పుస్తకానిదీ ఇదే కష్టం. 1876లో డ్యూయీ పద్ధతి వచ్చినప్పటి నుంచీ ఒక పుస్తకానికి ఒక నంబరు, ఒక బీరువాలో ఒక జాగా.

బామ్మర్ది హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్. ఫోన్లో నా గోడు విని నవ్వాడు. "బావా, ఫోల్డర్లు తీసెయ్. ట్యాగులు పెడదాం. వినేటోళ్లకు ఏది తోస్తే అది రాస్తరు." ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. 2003లో జాషువా షాక్టర్ మొదలుపెట్టిన లింకులు దాచుకునే సైటు డెలిషియస్‌లో జనం తాము దాచుకున్న లింకులకు తమ ఇష్టం వచ్చిన మాటలు తగిలించుకునేవాళ్లు. ఏడాది తిరిగేసరికి ఫ్లికర్‌లో ఫోటోలకూ అదే వచ్చింది. పై నుంచి పండితులు దిగి వర్గీకరించకుండా జనమే చేసుకునే ఈ పద్ధతికి థామస్ వాండర్ వాల్ 2004లో ఫోక్‌సానమీ అని పేరు పెట్టాడు. బామ్మర్ది ఇదంతా చెప్పి, ఆదివారం నాటికి ఒక చిన్న సైటు చేసి పంపాడు. ఆడియో, కింద ట్యాగుల డబ్బా, పైన వెతికే డబ్బా.

రెండో వారం

సైటును అందరికీ ఇచ్చే ముందు ఇంట్లో ఒక పరీక్ష పెట్టాను. పైన చెప్పిన అన్న కోసం ఎదురుచూసే పాటే. రంగశాయిపేటలో ఒక ఇంటి వాకిట్లో రికార్డు చేసింది, మూడున్నర నిమిషాలు. ఐదుగురికి విడివిడిగా వినిపించి, "ఈ పాట మళ్లీ కావాలంటే ఏ మాట కొట్టి వెతుకుతారు? మూడు మాటలు చెప్పండి" అని అడిగాను.

అమ్మ: అన్న, పుట్టిల్లు, ఏడ్పు.
చిన్నమ్మ: అత్తగారిల్లు, ఉయ్యాలో, పాతది.
మా ఇంటామె: తోబుట్టువు, పుట్టిల్లు, నెమ్మది.
పక్కింటామె: అన్నదమ్ములు, పండుగ పిలుపు, రంగశాయిపేట.
ఇంటర్ చదివే మేనకోడలు: సాడ్ సాంగ్, నానమ్మ, కోడి కూసింది.

పదిహేను మాటలు వస్తే రెండు సార్లు వచ్చింది "పుట్టిల్లు" ఒక్కటే. ఒకే వీధిలో ఉండే, ఒకే పండుగ ఆడే, ఒకే పాట విన్న ఐదుగురి సంగతి ఇది. బామ్మర్దికి చెబితే ఆశ్చర్యపోలేదు. 1987లోనే ఫర్నాస్ అనే పరిశోధకుడు, ఆయన తోటివాళ్లు దీన్ని లెక్కగట్టారట. ఒకే వస్తువుకు ఇద్దరు మనుషులు తమంతట తాము ఒకే పేరు ఎంచుకునే అవకాశం వాళ్లు పరీక్షించిన ప్రతి సందర్భంలోనూ 20 శాతం లోపే తేలింది. అప్పటికింకా వెబ్ లేదు. కంప్యూటర్‌కు ఇచ్చే ఆజ్ఞలకూ, వంటల పేర్లకూ అంతే గజిబిజి.

ఇంకో సంగతి రాత్రి పడుకున్నాక తట్టింది. ఐదుగురిలో ఒక్కరూ "బతుకమ్మ" అనలేదు! ఎందుకంటారు? అది అందరికీ తెలిసిందే. చేపల మార్కెట్లో చేప అని బోర్డు పెట్టరు. కానీ రేపు ఈ ఆడియోలు ఇంకో పెద్ద సంగ్రహంలో కలిస్తే, బతుకమ్మ పాటల కోసం వెతికేవాళ్లకు వీటిలో ఒక్కటీ తగలదు. మరీ ముఖ్యమైన మాటే జనం రాయరు. అందుకే ఆ ఒక్క ట్యాగును అన్నింటికీ నేనే తగిలించాను.

"కోడి కూసింది" చూసి అందరం నవ్వాం. పాట మధ్యలో నిజంగానే కోడి కూస్తుంది. ఇప్పుడు ఇంట్లో ఆ పాటను అందరూ "కోడి పాట" అనే అంటున్నారు. నేను ఎంత బుర్ర పెట్టి వర్గాలు రాసినా ఆ మాట నాకు తోచేది కాదు.

నాలుగో వారం

లింకు మూడు గ్రూపుల్లో పెట్టాం. పది రోజుల్లో 31 మంది ట్యాగులు రాశారు. కొందరు పది పాటలకు రాస్తే కొందరు ఒక్కదానికే. ఇవాళ లిస్టు ప్రింటు తీసి ముందేసుకుని కూర్చున్నాను.

ముందు మా ఊరి పేరే చూడండి. హన్మకొండ, హనుమకొండ, హనంకొండ, అనుమకొండ. ఇంగ్లీషు అక్షరాల్లో ఇంకో మూడు రకాలు. ఇవన్నీ తప్పులని నేననను. అనుమకొండ పాత పేరు. హన్మకొండ బస్సు మీదా షాపు బోర్డుల మీదా కళ్లకు అలవాటైన పేరు. హనుమకొండ ఇప్పుడు జిల్లా పేరు. పండుగ, పండగ. సంబురం, సంబరం. మహబూబాబాద్, మానుకోట. గునుగు, గునుక.

కంటికి కనిపించే తేడాలు నయం. "వరంగల్" అని లిస్టులో రెండు సార్లు వచ్చింది, ఒకదాని కింద 22 పాటలు, రెండోదాని కింద 3. అక్షరం అక్షరం పోల్చాను, తేడా లేదు. డీటీపీలో పదిహేడేళ్ల నుంచి ఉన్నాను కాబట్టి అనుమానం వచ్చి కర్సర్‌ను చివర పెట్టి వెనక్కి జరిపాను. ఒక్క నొక్కుకు అది కదల్లేదు! "ల్" తర్వాత కనిపించని అక్షరం ఒకటి కూర్చుంది. "వరంగల్‌లో" అని రాసేటప్పుడు ల్ కు ల వత్తు రాకుండా మధ్యలో ఒక అదృశ్య అక్షరం పడుతుంది. ఎవరో "వరంగల్‌లో" అని కొట్టి, "లో" చెరిపేశారు. అది మాత్రం అక్కడే ఉండిపోయింది. మనకు ఒకే మాట, కంప్యూటర్‌కు రెండు.

"పైడిపల్లి" కూడా అలాగే రెండుగా వచ్చింది. దానికి కారణం వేరే. తెలుగు ఐత్వాన్ని కంప్యూటర్ అక్షరాల పద్ధతి యూనికోడ్‌లో ఒకే గుర్తుగానూ రాయొచ్చు, ఎత్వం ఒకటి, దాని కింద వచ్చే గుర్తు ఒకటి, ఇలా రెండు ముక్కలుగానూ రాయొచ్చు. పాత ఫాంటు నుంచి మార్చిన నా ఊర్ల లిస్టులో రెండు ముక్కలది ఉంది, జనం ఫోన్లలో కొట్టింది ఒక ముక్కది. అంటే తప్పు నాదే. బామ్మర్ది నార్మలైజేషన్ అని ఒక్క లైను కోడు పెడితే ఐత్వాలన్నీ ఒకటయ్యాయి. కనిపించని అక్షరాన్ని మాత్రం ట్యాగు చివర ఉంటేనే తీసేయమన్నాను. మధ్యలో ఉన్నదానికి పని ఉంటుంది.

జిల్లాల దగ్గర చిక్కుముడి పడింది. "వరంగల్ జిల్లా" అని ఒకరు పరకాల పాటకు పెట్టారు. ఇంకొకరు చేర్యాల పాటకు పెట్టారు. 2016 అక్టోబర్‌లో జిల్లాలు విడిపోక ముందు రెండూ వరంగల్ జిల్లాలోవే. ఆ తర్వాత చేర్యాల సిద్దిపేటకు పోయింది. పరకాల వరంగల్ రూరల్‌లో ఉండి, 2021 నుంచి హనుమకొండ జిల్లాలో ఉంది. రూరల్ జిల్లాకేమో వరంగల్ అని పేరు వచ్చింది. అంటే ఈ ఒక్క ట్యాగుకు ఏ ఏడాది రాశారన్నదాన్ని బట్టి మూడు అర్థాలు. ట్యాగు తన వయసు చెప్పదు కదా.

ఇక్కడ మన రంగనాథన్‌గారు గుర్తొచ్చారు. లైబ్రరీ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ 1933లో పుస్తకాలకు కోలన్ వర్గీకరణ తెచ్చినప్పుడు, వస్తువును ఒక్క గూట్లో కుక్కకుండా అది దేని గురించి, ఎక్కడిది, ఎప్పటిది అని ముఖాలుగా విడదీశాడు. అందులో ఎక్కడ, ఎప్పుడు అన్న రెండూ వేరే గళ్లు. మేమూ అదే చేశాం. ఊరు, ఏ పండుగ ఏడాది, ఏ రోజు అన్న మూడింటికీ లిస్టులోంచి ఎంచుకోవడమే. జిల్లా అసలు అడగం. ఊరు ఎక్కడికీ పోదు, జిల్లానే దాని మీదుగా పోతుంది. మిగతాదంతా ఎవరిష్టం వాళ్లది.

ఐదు, ఆరు వారాలు

శ్రావణం వచ్చింది. పెళ్లి పత్రికలు. ప్రాజెక్టు ఫైలు తెరవలేదు.

ఏడో వారం

ఒకే అర్థం ఉన్న ట్యాగులను ఏం చేయాలన్నదాని మీద నాకూ బామ్మర్దికీ వాదన నడిచింది. నేను అందరివీ సరిచేసి ఒకటే స్పెల్లింగు ఉంచుదామన్నాను. డీటీపీ బుద్ధి, తప్పు కనిపిస్తే చేతులు ఊరుకోవు. వాడు వద్దన్నాడు. అభిమానులు రాసుకునే కథల సంగ్రహం ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్ అని ఉందట, 2009 నుంచి నడుస్తోంది. అక్కడ రాసేవాళ్లు ట్యాగు ఎలాగైనా రాసుకోవచ్చు. వాలంటీర్లు వెనక కూర్చుని ఫలానా ఫలానా మాటలు ఒకటేనని ముడి వేస్తారు. రాసినవాళ్ల మాట అలాగే కనిపిస్తుంది, వెతికినవాళ్లకు మాత్రం అన్నీ వస్తాయి. 2019లో దానికి హ్యూగో అవార్డు కూడా వచ్చింది.

సరే, ముడులు వేద్దాం. కానీ వేసేదెవరు? పాటలు నాకు తెలియవు, వాడికి అసలే తెలియవు. అమ్మనూ చిన్నమ్మనూ కూర్చోబెట్టాం. శనివారం మధ్యాహ్నం, మక్క కంకులు కాల్చుకొని, నేను ఒక్కో మాట చదువుతుంటే వాళ్లు "ఒకటే" లేదా "వేరే" అని చెప్పాలి.

గునుగు, గునుక? "ఒకటే."

పెళ్లి, అప్పగింతలు? "ఒకటెట్లైతది బిడ్డా. పెళ్లి పాటల నవ్వుతరు, అప్పగింతలల్ల ఏడుస్తరు."

ఏడ్పు, సాడ్ సాంగ్? చిన్నమ్మ కాసేపు ఆలోచించింది. "వేరే. పోరగాండ్లు సాడ్ సాంగ్ అనేది మెల్లగ పాడితే చాలు. ఏడ్పు అంటే పాడేటోళ్లకు గొంతు పట్టాలె." నేను రెండింటికీ ముడి వేయబోతున్న చెయ్యి ఆపేశాను.

తర్వాత వచ్చింది "అలిగిన". కింద 9 పాటలున్నాయి. ఆరో రోజు అలిగిన బతుకమ్మ కదా, రోజుల గడిలోకి మార్చేద్దామనుకున్నాను. అమ్మ నవ్వింది. "అలిగిన నాడు బతుకమ్మనే పేర్వరు. ఇంక పాటలెక్కడివి?" నిజమే! నలభై ఏళ్లుగా చూస్తున్న పండుగ, నా బుర్రకు తట్టలేదు. విని చూస్తే 8 పాటలు మొగుడి మీదో ఆడబిడ్డ మీదో అలిగిన పాటలు. తొమ్మిదోది మాత్రం నిజంగా ఆరో రోజు రికార్డు చేసిందే. ఆట లేక ఊరికే కూర్చున్నప్పుడు ఎవరో ఇంట్లో పాడుకున్నారు. ఒకే అక్షరాలు, రెండు సంగతులు. స్పెల్లింగు తేడాలను కోడు పట్టుకుంటుంది కానీ దీన్ని పండుగ ఆడినవాళ్లే పట్టుకోవాలి.

మూడు గంటల్లో 140 మాటలు చూశాం. 61 మిగిలిపోయాయి. కంకులు అయిపోయాయి.

ఎనిమిదో వారం

ఇవాళ "వైరల్" అని వెతికితే 17 పాటలు వచ్చాయి. అన్నీ ఒకరివే. డీజే, వైరల్, కొత్త పాట, సూపర్ హిట్, మంగ్లీ, బోనాలు, సమ్మక్క... ఒక్కో ఆడియోకు ముప్పై దాకా తగిలించారు. యూట్యూబ్‌లో అలవాటైన చెయ్యి అది. తన పాట అందరికీ వినపడాలన్న ఆశను తప్పు పట్టలేను. కానీ సమ్మక్క అని వెతికినవాళ్లకు జాతరకు సంబంధం లేని పాటలు వస్తుంటే ట్యాగు ఎందుకు?

స్టాక్ ఓవర్‌ఫ్లో అనే ప్రోగ్రామర్ల సైటులో ఒక ప్రశ్నకు ఐదు ట్యాగులే పెట్టనిస్తారు. అది చూసి మేమూ ఐదన్నాం. నాలుగు రోజులు గడిచాయి. వైరల్ గోల తగ్గింది. కానీ "కోడి కూసింది" లాంటివి కూడా ఆగిపోయాయి. ఐదే అనగానే జనం పరీక్ష రాసినట్టు పద్ధతిగా ఆలోచించి బతుకమ్మ, తెలంగాణ, జానపదం, పండుగ, పాట అని రాస్తున్నారు. ఇవి ఉన్నా లేకపోయినా ఒకటే. మళ్లీ పరిమితి తీసేశాం. ఒకే మనిషి ఒక పాటకు పది కంటే ఎక్కువ పెడితే మాకు కబురొస్తుంది, అంతే. ఆ పెట్టినావిడతో అమ్మే మాట్లాడింది. ఏం మాట్లాడిందో నాకు చెప్పలేదు, ట్యాగులు మాత్రం పోయాయి.

ట్యాగులు ఎక్కువమంది పెడితే వాటంతట అవే సర్దుకుంటాయని అంటారు. అది ఉత్త మాట కాదు. పరిశోధకులు గోల్డర్, హూబర్‌మన్ డెలిషియస్ లింకులను పరిశీలించి 2006లో ప్రచురించిన దాని ప్రకారం, ఒక లింకును సుమారు వంద మంది దాచుకున్నాక ఏ ట్యాగు వాటా ఎంతన్నది స్థిరపడుతుంది. ఒకరి పిచ్చి రాత పదిమంది రాతలో కలిసిపోతుంది. మా పాటకు సగటున ముగ్గురు. ఇక్కడ ఒకరు తప్పు రాస్తే మూడో వంతు తప్పే. జనం తెలివి అనేది పని చేయడానికి ముందు జనం ఉండాలి. మా దగ్గర మక్క కంకులు, చిన్నమ్మ.

తొమ్మిదో వారం

కొన్ని ట్యాగుల గురించి రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. కులం పేరుతో ఉన్న వాడల పేర్లు ఆరు పాటలకు ట్యాగులుగా వచ్చాయి. పెట్టినవాళ్లు చెడ్డ ఉద్దేశంతో పెట్టలేదు, ఆ వాడను ఊర్లో అలాగే అంటారు. కానీ పాడిన మనిషి నెత్తి మీద ఆ మాట వేలాడుతోంది, ఆవిడ పెట్టుకోలేదు. పాట ఏ వాడలో పుట్టిందన్నది పాట చరిత్రకు నిజంగా అవసరమైన విషయం, అది కూడా తెలుసు. ప్రస్తుతానికి ఆ ఆరింటినీ కనపడకుండా పెట్టాం. పాడినవాళ్లను అడిగి, సరే అన్నవే తెరుస్తాం. ఇద్దరు సరే అన్నారు, ఒకావిడ వద్దంది, మిగిలిన ముగ్గురిని ఇంకా అడగాలి.

మంచి సంగతి ఒకటి. ఒకావిడ ట్యాగుల డబ్బాలో ఏకంగా ఇలా రాసింది: "ఇది మా నాయనమ్మ మిరపకాయలు ఏరేటప్పుడు కూడ పాడేది రెండో చరణం తర్వాత ఇంకోటి ఉండె ఈమె మర్చిపోయింది". కామా లేదు, చుక్క లేదు. సైటు దాన్ని ఒకే ట్యాగుగా తీసుకుంది, పేజీ పక్కకు సాగిపోయింది. బామ్మర్ది దాన్ని బగ్ అన్నాడు. నాకేమో ఈ రెండు నెలల్లో వచ్చిన వాటిలో అన్నిటికంటే విలువైనది అదే అనిపించింది. 2008లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సుమారు 3,000 పాత ఫోటోలు ఫ్లికర్‌లో పెట్టినప్పుడు జనం వేల ట్యాగులు రాశారు. కానీ ఫోటోలో ఉన్నది ఎవరు, ఏ ఊరు అన్న ఆచూకీలు కింద రాసిన మాటల్లో దొరికాయి. ట్యాగు వెతకడానికి పనికొస్తుంది, చెప్పడానికి దానికి నోరు చాలదు. ట్యాగుల కింద "ముచ్చట" అని ఇంకో డబ్బా పెట్టించాను. వారంలో 19 ముచ్చట్లు వచ్చాయి.

ఎంగిలిపూలకు ఐదు రోజులు

బగ్. "నాకు" అనే ట్యాగు కింద మొన్న 14 పాటలుండేవి, నిన్న 12, ఇవాళ 9.

ఈ ట్యాగు మొదటి నుంచీ నాకు పంటి కింద రాయే. నాకు అంటే ఎవరికి? ఇలాంటివే "మళ్ల వినాలె", "మంచిగుంది" అని ఉన్నాయి. పెట్టిన మనిషికి తప్ప ఎవరికీ పనికిరావు. తీసేద్దామంటే అమ్మ, "ఉండనియ్, నీకేం అడ్డం" అంది. ఉంచాం. ఇప్పుడేమో వాటంతట అవే మాయమవుతున్నాయి.

ముడుల కోడులో తప్పనుకున్నాం. "నాకు"ను దేనితోనైనా ముడి వేశామా? లేదు. చివరి అక్షరాలు తీసేసే లైనా? కాదు. బామ్మర్ది రాత్రి పన్నెండున్నర దాకా కూర్చుని పాత బ్యాకప్‌తో పోల్చాడు. మిగతా ఏ ట్యాగూ కదల్లేదు, ఇదొక్కటే. రెండు రోజులు ఇదే టెన్షన్. పండుగ ముందు డేటా పోతుంటే ఎట్లా?

చివరికి ఎవరు ఏ ట్యాగు తీశారో చూపించే లాగ్ తెరిచాడు. అన్నీ ఒకే ఫోను నుంచి, రాత్రి తొమ్మిది, తొమ్మిదిన్నర మధ్య. చిన్నమ్మ ఫోను.

పొద్దున వెళ్లి అడిగాను. గుమ్మడి ఆకులు, బంతిపూలు ఎక్కడ దొరుకుతాయో ఎవరికో ఫోన్లో చెబుతోంది. పెట్టేసి, "ఆఁ, నేనే తీసిన. తీయొద్దా?" అంది కంగారుగా.

"తీయొచ్చు. ఎందుకు తీసినవ్ చిన్నమ్మా?"

"అవి వచ్చినయ్ కదరా. నేర్సుకునేటియి నాకు అని పెట్టుకున్న. నోటికొచ్చినంక తీసేస్తున్న. ఇంక తొమ్మిదున్నయ్, సద్దుల వరకు ఒడుస్తయ్."